నాలుగు వరుసల పికోలిత్

మోన్‌ఫాల్కోనే,
ఫిబ్రవరి 16, 1958

అన్నయ్యకు ఎల్దా రాసేది.

రైలు దిగేసరికి బోరా గాలి విరుచుకుపడుతోంది. ఓడల కార్ఖానా రేకులు రెండు ఎగిరి వీధిలో పడ్డాయట. గొడుగు తెరిచే ధైర్యం ఎవరికీ లేదు. తడిసి ముద్దై ఇల్లు చేరాను. నాన్న కోటు మాత్రం తడవనివ్వలేదు. ఇంకా దాంట్లో చుట్టల వాసన పోలేదు.

నాన్న పోయాక పంపకాలు కూడా అయిపోయాయి కనుక ఇక వాటి గురించి మాట్లాడను. ఇల్లు, ఆవు, కింది వాలులో తొకాయ్, మెర్లో ద్రాక్షతోటలు నీకు. పై కొండ మీది నాలుగు వరుసల పికోలిత్ ద్రాక్ష నాకు. నేను ఏడవడం లేదు. ఏడిపించేవాళ్ళు ఇక్కడ ఉన్నారు. మా బావగారు లివియో అందరూ భోజనం చేస్తుండగా, "మరదలు పిల్ల ఆస్తి మొత్తం ఒక గొడుగు కింద పడుతుందట" అన్నాడు. మా అత్తగారు చెంచా కింద పెట్టి మరీ నవ్వింది. మా ఆయన సంగతి నీకు తెలుసు కదా, పొలెంతా పళ్ళెం ముందుంటే ఆయనకు చెవులు వినపడవు.

నేను ఊరుకోలేదు. "అది పికోలిత్. మీ తాతలు పేరు కూడా విని ఉండరు. మా అమ్మాయి ఫుల్వియా పెళ్ళికి నా వరుసల్లోంచి తీసిన వైన్ మీ అందరికీ పోస్తాను, అప్పుడు మాట్లాడండి" అన్నాను. ఆ మాట అన్నాక ఇక వెనక్కి తీసుకోవడం ఉండదు. ఫుల్వియాకి ఇప్పుడు పదహారు నిండాయి.

లివియో గ్రాడోలో పెద్ద హోటల్లో వడ్డిస్తాడు కాబట్టి మిలాన్ నుంచి వచ్చే డబ్బున్నవాళ్ళ రుచులన్నీ తెలుసట. నికార్సయిన పికోలిత్ అయితేనే అడుగుతారట, వేరేది కలిస్తే ముట్టరట. మరి నాన్న ప్రతి నాలుగు తీగలకీ మధ్యలో ఆ ముతక వెర్దుజ్జో తీగ ఒకటి పెట్టాడు కదా. అవన్నీ పీకించి వాటి చోట పికోలిత్ అంట్లు నాటించు. శీతాకాలం అయిపోకముందే చేస్తే మంచిది.

వదినకూ పిల్లలకూ నా ముద్దులు.

నీ చెల్లెలు
ఎల్దా


సాన్ ఫోస్కా,
మార్చి 9, 1958

ఎల్దాకు,

ఈ ఏడు పందిని ఆలస్యంగా కోశాం. మీ వదిన పియా చేతులు ఇంకా ఉప్పుతో పగిలే ఉన్నాయి. రెండు సలామీలు పంపుతున్నాం. లివియోకి కోసి పెట్టు, నోరు కాసేపు ఖాళీ లేకుండా ఉంటుంది.

వెర్దుజ్జో గురించి రాశావు. ఆ తీగలంటే నాకేమీ ప్రేమ లేదు. కానీ నాన్న వాటిని ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఒకసారి కత్తిరింపుల్లో పొరపాటున ఒకదాన్ని మరీ పొట్టిగా కోసేశానని రోజంతా నాతో మాట్లాడలేదు. ఎందుకు నాన్నా అని అడిగితే, "వాటి కాపురంలో నువ్వెందుకురా వేలు పెడతావు" అని నవ్వాడు. కారణం చెప్పే అలవాటు ఆయనకెక్కడిది? గొడ్డలి ఎక్కడుందని అడిగినా కొండవైపు చూసి తల ఊపేవాడు.

పికోలిత్ అసలే పిసినారి తీగ. గుత్తికి పది పళ్ళిస్తే ఆ ఏడు పండుగ. పెళ్ళి మొత్తానికి సరిపడా కావాలంటే ఇప్పటి నుంచే ప్రతి ఏడూ కొంచెం కొంచెం దాచాలి. అది నేను చూసుకుంటాను. కానీ పీకడం మాత్రం నాకు మనసొప్పడం లేదు. గ్లాసులు తుడిచేవాడు చెప్పాడని నాన్న పెట్టిన తీగలు పీకుతామా?

అయినా నేల నీది. నీ ఇష్టం.

ఎర్మెస్


మోన్‌ఫాల్కోనే,
మార్చి 14, 1958

అన్నయ్యకు,

సలామీలు అందాయి. ఒకటి మెత్తగా ఉంది, సరిగ్గా ఆరలేదు.

గ్లాసులు తుడిచేవాడు అన్నావు. ఈ ఇంట్లో నేను బతకాలి అన్నయ్యా, నువ్వు కాదు. ఉత్తరం మా ఆయన గట్టిగా చదివాడు. లివియో పక్కనే ఉన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు నా మొహం నేనే చూసుకోలేకపోయాను.

ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకు. ఏటా ఆ వెర్దుజ్జో కాయలు ఎవరి పీపాలోకి వెళ్ళాయి? నాన్న ముసలివాడయ్యాక కోతలన్నీ నువ్వే కోశావు కనుక నీ పీపాలోకే. నేను ఎప్పుడైనా అడిగానా? ఇప్పుడు మాత్రం నాన్న కాపురం అన్నాడు, వేలు పెట్టొద్దన్నాడు అంటున్నావు. చచ్చిపోయినవాళ్ళని సాక్ష్యానికి పిలవడం తేలిక, వాళ్ళు కాదనరు.

నేల నాదే అన్నావు, ఇష్టం నాదే అన్నావు. ఆ ఇష్టం ఏమిటో పోయిన ఉత్తరంలోనే చెప్పాను.

ఎల్దా


సాన్ ఫోస్కా,
మార్చి 23, 1958

ఎల్దాకు,

పీకేశాను. వేళ్ళతో సహా, ఒక్కటీ మిగల్చలేదు. ఖాళీల్లో పికోలిత్ అంట్లు నాటాను. నీ నాలుగు వరుసల్లో ఇప్పుడు లివియో కోరిన నికార్సయిన పికోలిత్ తప్ప మరో ఆకు లేదు. కింది మూలన పక్కింటివాళ్ళ కంచె తప్ప చుట్టూ అడవి.

వెర్దుజ్జో మొద్దులు పాకలో పేర్చి ఉంచాను. ఒక్క చితుకు నా పొయ్యిలో పెట్టలేదు. కావాలంటే లారీ చూసి పంపిస్తాను, చలికాలం కాల్చుకోవచ్చు.

ఎర్మెస్


సాన్ ఫోస్కా,
అక్టోబర్ 18, 1959

ఎల్దాకు,

పోయిన ఏడు వానల వల్ల పంట లేదని రాశాను. ఈ ఏడు అలా రాయడానికి లేదు. వేసవంతా ఆకాశం మచ్చ లేకుండా ఉంది. తొకాయ్ విరగకాసింది. మెర్లోకి పీపాలు చాలక పక్కింటి నివెస్‌ని అడిగి తెచ్చుకున్నాం. భర్త పోయాక ఆవిడ తన రిబోల్లా ద్రాక్షంతా అమ్మేస్తోంది, పీపాలు ఊరికే ఉన్నాయి.

నీ వరుసల్లో మాత్రం ఏమీ లేదు. జూన్‌లో పూత బ్రహ్మాండంగా వచ్చింది. చూసి నీకు రాద్దామని కూడా అనుకున్నాను. పది రోజుల్లో మొత్తం రాలిపోయింది. పిందె కట్టలేదు. అక్కడక్కడ గుత్తికి రెండు మూడు పళ్ళు, అవీ మిరియాలంత. మందు కొట్టాను, పేడ వేశాను, ఆకు పల్చన చేశాను. ఫాదర్ కూడా వచ్చి పవిత్ర జలం చల్లి వెళ్ళాడు. నాలుగు వరుసలూ కోస్తే బుట్ట అడుగు కూడా నిండలేదు. అది పిండితే వైన్ కాదు, మరక అవుతుంది. మీ వదిన పిల్లలకి పెట్టేసింది.

వయసైన తీగలు కదా, అలిసిపోయాయేమో. వచ్చే ఏడు చూద్దాం.

ఎర్మెస్


మోన్‌ఫాల్కోనే,
నవంబర్ 15, 1959

అన్నయ్యకు,

ఇలాంటి ఏడు మళ్ళీ పాతికేళ్ళకు గాని రాదని పేపర్లో రాశారు. అందరికీ పండింది. నాకొక్కదానికి పండలేదు. పండిన కాస్తా మీ పిల్లలు తిన్నారు. తిననీ, నా మేనల్లుళ్ళే కదా.

ఇంకో సంగతి. సాన్ మార్తీనో పండుగ రోజు లివియో ఏదో పని మీద చివిదాలే వెళ్ళాడు. సత్రంలో కూర్చుంటే యజమాని ఒక చిన్న గ్లాసు తెచ్చి, "ఇది సాన్ ఫోస్కా కొండ పికోలిత్, తెలిసినవాళ్ళకే పోస్తాను" అన్నాడట. తేనెలా ఉందట. లివియో ఇంటికొచ్చి నా ఎదురుగా కూర్చుని, ఒక్కొక్క మాటా సాగదీస్తూ చెప్పాడు. ఆ కొండ మీద పికోలిత్ ఉన్నది ఎవరికి అన్నయ్యా? నాకు తెలిసి నాకొక్కదానికే.

నేనేమీ అనడం లేదు. విన్నది రాశాను.

ఎల్దా


సాన్ ఫోస్కా,
డిసెంబర్ 6, 1959

ఎల్దా,

ఆ సత్రంవాడు వెర్దుజ్జోలో తేనె కలిపి పికోలిత్ అని పోస్తాడు. ఆ సంగతి చివిదాలేలో కుక్కలకు కూడా తెలుసు. మిలాన్ రుచులన్నీ తెలిసిన మీ బావగారికి తెలియలేదు.

నువ్వు దొంగ అన్న మాట రాయలేదు. కానీ చదవడం నాకూ వచ్చు. మన ఊళ్ళో ఆ మాట పడ్డవాడు చర్చిలో వెనక బల్ల మీద కూర్చుంటాడు. నేను ఇప్పటికీ నాన్న కూర్చున్న బల్ల మీదే కూర్చుంటున్నాను.

వచ్చే జూన్‌లో రా. పూత సమయంలో నాతో ఒక రోజు ఆ కొండ మీద కూర్చో. నీ కళ్ళతోనే చూడు. చూసే దాకా నాకు ఉత్తరం రాయకు. నేనూ రాయను.

ఎర్మెస్


మోన్‌ఫాల్కోనే,
ఆగస్టు 27, 1961

అన్నయ్యకు,

రాయొద్దన్నావు కనుక రాయలేదు. రెండు జూన్‌లు పోయాయి, రాలేకపోయాను. ఒకసారి మా అత్తగారి తుంటి విరిగింది. ఇంకోసారి నాకే రావాలనిపించలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఫుల్వియా పెళ్ళి అక్టోబర్ 14, శనివారం. అబ్బాయి కార్ఖానాలో ఓడల నమూనాలు గీస్తాడు, మెత్తటివాడు. వాళ్ళ ఇంట్లో అందరికంటే పెద్ద వలెంతీన్ తాత. ఆస్ట్రియా రాజుల కాలంలో కొర్మోన్స్ వైపు ఎవరో జమీందారు ద్రాక్షతోటలు చూసేవాడట. ఇప్పుడు సగం గుర్తుంటుంది, సగం ఉండదు. నన్ను చూసినప్పుడల్లా మీది ఏ కొండ అని అడుగుతాడు.

నేను అన్నమాట ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. లివియో పెళ్ళి పేరు ఎత్తితే చాలు, "మేం ఇంట్లో వైన్ తాగడం మానేశాం, పికోలిత్ కోసం గొంతు ఎండబెట్టుకుంటున్నాం" అంటాడు. నాలుగేళ్ళుగా పడుతున్నాను. ఈ ఒక్క రోజు తల ఎత్తుకుని ఆ గ్లాసుల్లో పోస్తే చాలు, ఆ తర్వాత నాకేమీ అక్కర్లేదు.

కాబట్టి నాకు వానలు, పూతలు, పిందెలు అన్న కథలు వద్దు. నా వరుసల్లోంచి వచ్చిన వైన్ కావాలి. రెండు సీసాలైనా చాలు. ఎక్కడ ఉందో, ఎవరి దగ్గర ఉందో నేను అడగను. ఖాళీ చేతులతో అయితే మాత్రం రావొద్దు.

ఎల్దా


సాన్ ఫోస్కా,
అక్టోబర్ 9, 1961

ఎల్దా,

బస్సు డ్రైవర్‌తో రెండు సీసాలు పంపుతున్నాను. గడ్డిలో చుట్టి ఉన్నాయి. మీ వదిన బూడిద పెట్టి తళతళా తోమింది. పెళ్ళివాళ్ళ ముందు మురికి సీసాలు పెడితే మన పరువు పోతుందని తన బాధ. రెండు రోజులు కదపకుండా నిలబెట్టు. మరీ చల్లగా పోయకు.

ఇవి నీ వరుసల్లోవే. అమ్మ మీద ఒట్టు. ఇంతకంటే రాయను. బిరడా తీస్తే నీకే తెలుస్తుంది.

నేను రావడం లేదు. కోతలు సగంలో ఉన్నాయి. అదీకాక ఖాళీ చేతులతో రావొద్దన్నావు. చేతుల్లోవి వస్తున్నాయి, ఇక మనిషి ఎందుకు?

ఫుల్వియాకి నా దీవెనలు.

ఎర్మెస్


మోన్‌ఫాల్కోనే,
అక్టోబర్ 22, 1961

ఎర్మెస్,

అన్నయ్య అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

భోజనాలయ్యాక, గుబానా కేకు కోసే ముందు, మా ఆయన లేచి నిలబడి చెంచాతో గ్లాసు మోగించాడు. బతుకులో మొదటిసారి నా తరఫున నాలుగు మాటలు మాట్లాడాడు. "ఇది మా ఆవిడ తోటలోది" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నా చేత్తో బిరడా తీశాను. అది చేతిలోనే పొడి పొడి అయిపోయింది. గ్లాసుల్లో పోస్తే ఏం వచ్చింది? బెల్లం పాకం మాడినట్టు గోధుమ రంగు. పాత వాల్‌నట్ల డబ్బా మూత తీసినట్టు వాసన. నాన్న చేసిన పికోలిత్ గడ్డిపూవులా పసుపుగా ఉండేది, నాకు గుర్తుంది. నాకు రుచి చూడాల్సిన అవసరం కూడా రాలేదు, రంగు చూస్తేనే తెలిసిపోయింది.

లివియో ఒక గుక్క తీసుకుని పూలకుండీలో ఉమ్మేశాడు. "మరదలా, దీంతో నీ అల్లుణ్ణి చంపుదామనుకున్నావా" అన్నాడు. హాలంతా నవ్వింది. పెళ్ళికూతురు కూడా నవ్వింది ఎర్మెస్. నా కూతురు.

గ్లాసులన్నీ గబగబా తీసేశాను. ఆ మతిలేని వలెంతీన్ తాత ఒక్కడే ఇవ్వనన్నాడు. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని, పెదవి తడిపి, కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి. "మీది ఏ కొండ" అని మళ్ళీ మొదలుపెట్టాడు. అందరూ మావైపే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయి, వేళ్ళు విడదీసి ఆ గ్లాసు లాక్కున్నాను. రెండో సీసాతో కలిపి అంతా వంటింటి తూములో పోసేశాను.

నా వరుసల్లోవే అని అమ్మ మీద ఒట్టు వేశావు. అంటే నా వరుసల్లో వైన్ వచ్చిందన్నమాట. మంచిది అమ్ముకుని, పాడైపోయింది తోమి పంపావన్నమాట. అమ్మని కూడా వదల్లేదు.

ఊదినెలో ఒక లాయరు కొండ మీద తోట వెతుకుతున్నాడట, లివియో మాట్లాడాడు. వచ్చే నెల సాన్ మార్తీనో పండుగ రోజు సంతకం పెడుతున్నాను. ఆయన వస్తే హద్దులు చూపించు. ఇక మన మధ్య హద్దులు తప్ప ఏమీ మిగల్లేదు.

ఎల్దా


సాన్ ఫోస్కా,
నవంబర్ 19, 1961

ఎల్దా,

లాయరుగారు వచ్చారు. హద్దులు చూపించాను. ఇది నీకు నేను రాస్తున్న ఆఖరి ఉత్తరం కనుక కాస్త పెద్దదవుతుంది.

ముందు తీగల సంగతి. ఈ అక్టోబర్‌లో, నీకు సీసాలు పంపిన వారానికి, నీ వరుసలు కోయడానికి వెళ్ళాను. ఎప్పటిలాగే ఏమీ ఉండదనుకుంటూ వెళ్ళాను. కింది మూలకి వచ్చేసరికి ఏడెనిమిది తీగలు నిండుగా కాసి ఉన్నాయి. మూడేళ్ళలో ఎప్పుడూ లేనిది. చూస్తే ఆ మూల నివెస్ రిబోల్లా పందిరి ఉంది. కత్తిరించే మగదిక్కు లేక, రెండేళ్ళుగా పెరిగి పెరిగి కంచె దాటి నీ నేల మీదికి వచ్చేసింది. పందిరికి దగ్గరున్న తీగకి ఎక్కువ కాయలు, దూరం పోయినకొద్దీ తక్కువ, ఆ తర్వాత ఏమీ లేవు. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

తోటల బడిలో మాస్టారుని అడిగాను. ఆయన ఒక్క ముక్కలో చెప్పాడు. పికోలిత్ పువ్వు ఆడపువ్వు. దాని పుప్పొడికి సత్తువ లేదు. పక్కన ఇంకో జాతి తీగ ఉంటే, గాలికి ఆ పుప్పొడి వచ్చి పడితేనే పిందె కడుతుంది. నాన్న మధ్యలో వెర్దుజ్జో పెట్టింది అందుకే. కాపురం అన్నది అదే. మనం అది నవ్వులాటకి అన్నాడనుకున్నాం. నువ్వు పీకమన్నావు, నేను రోషంతో వేళ్ళతో సహా పీకాను. పెళ్ళి హడావుడి తగ్గాక ఇదంతా నీకు నెమ్మదిగా రాద్దామనుకున్నాను. ఈలోగా నీ ఉత్తరం వచ్చింది.

ఇక సీసాల సంగతి. అవి 1920 నాటివి. నువ్వు పుట్టిన ఏడాది కోతల్లోవి. మొదటి యుద్ధం అయ్యాక ఆ నాలుగు వరుసలు తిరిగి కాసింది అప్పుడే. నీ పెళ్ళికి తెరవాలని నాన్న రెండు సీసాలు పక్కన పెట్టి, సుద్దతో నీ పేరూ ఆ ఏడాదీ రాశాడు. నీ పెళ్ళి ఎలా జరిగిందో నీకు తెలుసు. మీ ఆయన్ని సైన్యంలోకి పిలిచారు. పొద్దున ఫాదర్ దగ్గర ప్రమాణం, మధ్యాహ్నం రైలు. తెరిచేదెప్పుడు? ఆ తర్వాత జర్మన్లు ఇల్లిల్లూ వెతుకుతుంటే వాటిని గోనెలో చుట్టి, ఆవు కింద నేల తవ్వి పూడ్చాడు. పోయే ముందు నన్ను పిలిచి, "ఫుల్వియా పెళ్ళికి ఇవ్వు, ముందే చెప్పకు, బిరడా తీస్తే మీ చెల్లికే తెలుస్తుంది" అన్నాడు. నేను ఆయన మాటే రాశాను. సుద్ద రాత మీ వదిన బూడిదతో పోయింది. పాపం దానికి తెలియదు. నాకు తెలుసు, అయినా ఆపలేదు. పేరు లేకపోయినా నువ్వు గుర్తుపడతావనుకున్నాను.

నలభై ఏళ్ళు దాటిన పికోలిత్ పసుపుగా ఉండదు ఎల్దా. గోధుమ రంగుకి తిరుగుతుంది. వాల్‌నట్ వాసన వస్తుంది. మాస్టారే చెప్పాడు. నేనూ ఎప్పుడూ తాగలేదు. మన ఇంట్లో ఎవరికి పోశారు? ఫాదర్‌కి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళకి. మనకి గ్లాసు అడుగున బిస్కెట్ అద్దుకోవడమే.

లాయరుగారు మంచివాడే. ఈ తీగలు ఎందుకు కాయడం లేదు అని అడిగాడు. చెప్పకుండా ఉందామనుకున్నాను. కానీ తీగలేం పాపం చేశాయి? చెప్పాను. ఈ చలికాలమే మధ్యలో మళ్ళీ వెర్దుజ్జో నాటిస్తాడట. కూలికి మనిషి కావాలన్నాడు. నేనే ఒప్పుకున్నాను. మూడు నాలుగేళ్ళలో నాన్న రోజుల్లో లాగే కాస్తుంది.

పాకలో నీ మొద్దులు అలాగే ఉన్నాయి.

ఎర్మెస్


మోన్‌ఫాల్కోనే,
డిసెంబర్ 3, 1961

అన్నయ్యా,

నీ ఉత్తరం ఎవరినీ చదవనివ్వలేదు. చదివాక వంటింట్లోకి వెళ్ళి తూము దగ్గర వంగి వాసన చూశాను. సబ్బు వాసన తప్ప ఏమీ లేదు.

లాయరు దగ్గరికి వెళ్ళి, సంతకం వెనక్కి తీసుకుంటానని అడిగాను. నవ్వి కాఫీ ఇప్పించాడు.

నిన్న ఫుల్వియా అత్తవారింటికి వెళ్ళాను. వలెంతీన్ తాత పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని ఉన్నాడు. నన్ను గుర్తుపట్టాడు. నేను పక్కన కూర్చుని, మాది సాన్ ఫోస్కా కొండ అని చెప్పాను. తల ఊపాడు. ఆ రోజు వైన్ రుచి ఎలా ఉంది తాతా, నాకు చెప్పు అని అడిగాను. నేను చూడలేదు, మా అన్నయ్య చూడలేదు, ఇక ఈ లోకంలో చెప్పగలిగేది నువ్వొక్కడివే అన్నాను.

తాత నావైపు తిరిగాడు. చేతులు రెండూ దుప్పట్లోంచి తీసి, గ్లాసు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు.

"నువ్వు తాగనిచ్చావా అమ్మాయ్?" అన్నాడు.

ఎల్దా